గ్రహాంతరవాసికి మన సీరియల్ ఎప్పుడు అందింది?

టీవీలో వచ్చే సైన్స్ ఫిక్షన్ కామెడీల్లో పొంతన కుదరని చోట్ల గురించి అడగమంటే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి ఉత్తరాలు బాగానే వచ్చాయి. జవాబులకు ఒకటే కొలత పెట్టుకున్నాం. నవ్వు కోసం ప్రకృతి నియమాన్ని పక్కన పెడితే తప్పు పట్టం. తన కథలో తను పెట్టుకున్న నియమాన్ని తనే మరిచిపోతే మాత్రం వదలం. లెక్క వేయడానికి వీలున్న చోట వేశాం, కాగితం పెన్ను పట్టుకుని మీరూ సరిచూసుకోవచ్చు.

ప్రశ్న: 'ఫ్యూచరామా' కార్టూన్‌లో వెయ్యి కాంతి సంవత్సరాల అవతల ఉన్న గ్రహవాసులు 1999 నాటి మన టీవీ సీరియల్ చూస్తుంటారు. ఆఖరి భాగం మధ్యలో ఆగిపోయిందని కోపమొచ్చి వెయ్యేళ్ల తర్వాత భూమి మీదికి దండెత్తుతారు. ఇది కుదిరే పనేనా సార్?
— డిగ్రీ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: ఆలస్యం విషయంలో వాళ్ల లెక్క ఖచ్చితం. టీవీ తరంగం కాంతి వేగంతోనే పోతుంది కాబట్టి వెయ్యి కాంతి సంవత్సరాల దూరానికి వెయ్యేళ్లు పడుతుంది. కామెడీలో ఇంత శ్రద్ధ అరుదు.

బలం దగ్గరే చిక్కు. పది లక్షల వాట్ల ప్రసారం అనుకుందాం. దూరం రెట్టింపైతే తరంగం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. వెయ్యి కాంతి సంవత్సరాలు పోయాక దాన్ని 305 మీటర్ల డిష్‌తో పట్టారనుకోండి (ప్యూర్టో రికోలో 2020లో కూలిపోయిన అరెసిబో డిష్ అంతది). రిసీవర్ ఎంత చల్లగా, 20 కెల్విన్ (మైనస్ 253 డిగ్రీల సెల్సియస్) దగ్గర పనిచేసినా, దాని సొంత గరగర మన సీరియల్ కన్నా సుమారు 25 లక్షల కోట్ల రెట్లు ఎక్కువ ఉంటుంది. గరగరతో కనీసం సమానంగా నిలబడాలన్నా డిష్ వ్యాసం 15 లక్షల కిలోమీటర్లు ఉండాలి. సూర్యుడి వ్యాసమే 14 లక్షలు. సూర్యుడికి మూతలా సరిపోయే డిష్ పెట్టినా వచ్చేది చుక్కలు చుక్కల బొమ్మే.

మీ ఊరి పక్కనే ఉన్న, పై వాతావరణాన్ని పరిశీలించే గాదంకి రాడార్‌ను తలుచుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1024 యాంటెన్నాలు, కట్టినప్పటి శిఖర శక్తి 25 లక్షల వాట్లు. అంత బలంగా పైకి కొట్టినా ఎనభై కిలోమీటర్ల ఎత్తు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని ఎంత సన్నగా ఉంటుందంటే, ఎన్నో పల్సులను ఒకదాని మీద ఒకటి కూడితే తప్ప అది కనపడదు. సీరియల్‌లో ఏ ఫ్రేముకు ఆ ఫ్రేమే వేరు కాబట్టి కూడికకు ఆస్కారం లేదు.

అయినా ఇదంతా ప్రకృతి నియమం, క్షమించేద్దాం. అసలు తప్పు వేరే చోట ఉంది. తర్వాత, 2000 ఏప్రిల్‌లో వచ్చిన ఇంకో ఎపిసోడ్‌లో, కాంతి కన్నా వేగంగా అంతరిక్ష ఓడ ఎలా పోతుందని కుర్రాడు అడిగితే, శాస్త్రవేత్తలు 2208లో కాంతి వేగాన్నే పెంచేశారని ప్రొఫెసర్ చెప్తాడు. గొప్ప జోకు. కానీ 1999లో బయల్దేరిన సీరియల్ 2208 నాటికి 209 కాంతి సంవత్సరాలే పోయింది, ఇంకా 791 మిగిలాయి. వేగం రెట్టింపైనా అది 2604కల్లా చేరిపోవాలి. ఆ ఓడ నక్షత్రాల మధ్య పూటలో తిరిగే తీరు చూస్తే వేగం లక్ష రెట్లన్నా పెరిగి ఉండాలి. అప్పుడు మిగతా దూరానికి మూడు రోజులు చాలు. అంటే దండయాత్ర 2208లోనే జరిగిపోవాలి, 3000 దాకా ఆగదు.

దీనికి అతుకు వేయొచ్చు. కాంతి వేగాన్ని భూమి చుట్టూ 209 కాంతి సంవత్సరాల లోపే పెంచారని ఒక్క మాట చేరిస్తే, అప్పటికే ఆ గీత దాటిన సీరియల్ పాత వేగంతోనే పోతుంది. ఆ గీత దగ్గర కాంతి వంగుతుంది, గ్లాసు నీళ్లలో స్ట్రా విరిగినట్టు కనపడుతుందే అలాగ. అది ఇంకో జోకుకు పనికొచ్చేది. వాళ్లు మాత్రం అదే ఎపిసోడ్‌లో, ఓడ కదలదు, ఇంజను విశ్వాన్నే దాని చుట్టూ కదుపుతుంది అని రెండో సంజాయిషీ కూడా ఇచ్చారు. విశ్వమే కదులుతుంటే కాంతి వేగం పెంచడం ఎందుకో!

ప్రశ్న: అదే కార్టూన్‌లో హీరో ఫ్రై ఖాతాలో 93 సెంట్లు ఉంటాయి. వెయ్యేళ్లు గడ్డకట్టి నిద్రపోయి లేచేసరికి రెండుంబావు శాతం వడ్డీతో 430 కోట్ల డాలర్లు అయ్యాయంటారు. నమ్మబుద్ధి కాలేదు.
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు

జవాబు: నమ్మండి, కూడిక సరిగ్గానే ఉంది. ఏడాదికోసారి చక్రవడ్డీ కడితే 2.25 శాతం దగ్గర సొమ్ము 31 ఏళ్లకు కాస్త పైన రెట్టింపవుతుంది. వెయ్యేళ్లలో 32 సార్లు. 93 సెంట్లను 32 సార్లు రెట్టింపు చేసి పైన మిగిలిన కొసరు కలిపితే 428 కోట్ల డాలర్లు, వాళ్లు చెప్పిన 430కి దగ్గర. బారువడ్డీ అయితే 21 డాలర్ల 86 సెంట్లు వచ్చేవి, మంచి పిజ్జాకు సరిపోతుంది.

అయితే మీ వృత్తి కన్నుతో చూస్తే ఓ బొక్క కనపడాలి. వడ్డీని నెలనెలా జమ చేసే ఖాతా అనుకోండి. 93 సెంట్లకు నెల వడ్డీ 0.17 సెంటు. దగ్గరి సెంటుకు సర్దితే సున్నా. వచ్చే నెలా సున్నానే. వెయ్యేళ్ల తర్వాత కూడా ఖాతాలో 93 సెంట్లే. మన దగ్గర వడ్డీని దగ్గరి రూపాయికి సర్దుతారు కాబట్టి 93 పైసలకు ఆ ఆశ కూడా లేదు. పైగా పదేళ్లు లావాదేవీ లేని ఖాతా సొమ్ము రిజర్వ్ బ్యాంకు 2014లో పెట్టిన నిధికి పోతుంది. హక్కుదారు వస్తే ఇస్తారు గానీ అక్కడ కట్టేది బారువడ్డీ. కనీస నిల్వ లేదని కోసే రుసుము సంగతి ఎత్తడమే అనవసరం, మొదటి నెలలోనే 93 సెంట్లు హరీ.

ధరల మాట కూడా ఉంది. ధరలు సాలీనా అదే రెండుంబావు శాతం పెరిగితే 430 కోట్లతో కొనగలిగేది 1999లో 93 సెంట్లతో కొన్నంతే. ఫ్రై కోటీశ్వరుడు కావాలంటే వెయ్యేళ్లూ ధరలు వడ్డీ కన్నా బాగా మెల్లగా పెరగాలి.

ప్రశ్న: 'స్మాల్ వండర్' హిందీ డబ్బింగులో చూసి పెరిగాం. పదేళ్ల పిల్లలా ఉండే రోబో విక్కీ పెద్దవాళ్లను ఒంటిచేత్తో ఎత్తేస్తుంది. మోటార్లు బలంగా ఉంటే సాధ్యమేనా? ఇంకో సంగతి, ఆ పిల్ల రోబో అని వీధిలో ఒక్కరికీ అనుమానం రాదేంటి?
— గృహిణి, తిరుపతి

జవాబు: చూడనివాళ్ల కోసం: ఇది 1985–89 మధ్య వచ్చిన అమెరికన్ సీరియల్. ఒక ఇంజనీరు తన ఇంట్లో ఆడపిల్ల ఆకారంలో రోబోను తయారు చేసి కూతురని చెప్పుకుంటాడు. 2003లో 'కరిష్మా కా కరిష్మా' పేరుతో హిందీలోనూ తీశారు.

మోటార్లు ఎంత బలమైనవైనా పని జరగదు. అడ్డం పడేది బలం కాదు, తూకం. విక్కీ బరువు పదేళ్ల పిల్లలా 30 కిలోలు అనుకుందాం. నిలబడినప్పుడు దాని బరువు చీలమండ మీద పడుతుంది, అక్కడి నుంచి కాలి వేళ్ల కొసకు 12 సెంటీమీటర్లు. 80 కిలోల మనిషిని చెయ్యి చాచి 40 సెంటీమీటర్ల ముందు పట్టుకుందనుకోండి. వేళ్ల కొస ఇరుసు, ఇది తక్కెడ. ముందు వైపు 80 కిలోలు 28 సెంటీమీటర్ల దూరంలో, అంటే 2240. వెనక వైపు 30 కిలోలు 12 సెంటీమీటర్ల దూరంలో, అంటే 360. మనిషి నేల మీదే ఉంటాడు, విక్కీయే బోర్లా పడి దాని మడమలు గాల్లోకి లేస్తాయి. పడకుండా నిలవాలంటే విక్కీ 187 కిలోలు తూగాలి. అంత తూగే పిల్ల సోఫాలో కూర్చున్న రోజే గుట్టు రట్టు.

బస్తా మోసే హమాలీని గమనించండి. బస్తాను ఎప్పుడూ ముందుకు చాచి పట్టుకోడు. వీపున వేసుకుని ముందుకు వంగుతాడు, లేదా నెత్తిన పెట్టుకుంటాడు. బరువు పాదాల నడుమ పడాలి, అంతే కిటుకు. విక్కీ చేత ఆ మనిషిని నిట్టనిలువుగా తల మీదికి ఎత్తించి ఉంటే 30 కిలోల రోబోతోనూ దృశ్యం నిలబడేది, ఇంకా నవ్వొచ్చేది కూడా. తోయడమూ ఇంతే. మామూలు నేల మీద 30 కిలోల రోబో పట్టు 18 కిలోల తోపుకు మించదు, ఆ తర్వాత దాని కాళ్లే జారతాయి. బీరువా కదలదు.

కరెంటు విషయం కూడా చెప్పుకోవాలి. హోండా వాళ్లు 2000లో చూపించిన అసిమో రోబో, మీటరూ ఇరవై సెంటీమీటర్ల ఎత్తు, బ్యాటరీతో నడిచింది దాదాపు అరగంట. రోజంతా బడిలో గడిపి వచ్చే విక్కీ అంతకు పదిహేనేళ్ల ముందుది.

అనుమానం రాకపోవడాన్ని మేం తప్పుగా లెక్కపెట్టలేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు పక్కింటి అబ్బాయేనని అందరికీ తెలుసు, అయినా ఆ వారం ఎవరూ పేరు పెట్టి పిలవరు. కామెడీ సీరియల్‌లోని వీధి కూడా అలాంటి ఒప్పందమే.

ప్రశ్న: 'రెడ్ డ్వార్ఫ్'లో సిబ్బంది లెక్క మారిపోతుందట, నిజమా?
— పుత్తూరు

జవాబు: నిజం. బీబీసీలో 1988 ఫిబ్రవరిలో మొదలైన ఈ కామెడీ సీరియల్‌లో రెడ్ డ్వార్ఫ్ అనే అంతరిక్ష ఓడ సిబ్బంది మొదట 169 మంది, నాలుగో సిరీస్‌కు 1,169 అయ్యారు. హీరో లిస్టర్‌కు అపెండిక్స్ ఎప్పుడో తీసేశారని రెండో సిరీస్‌లో ఉంటుంది, ఆరో సిరీస్‌లో మళ్లీ తీస్తారు. ఇవి రాసేవాళ్లు పాత కాగితాలు తిరగేయకపోవడం వల్ల వచ్చినట్టున్నాయి. ఇందులో శాస్త్రం ఏమీ లేదు.

ప్రశ్న: అందులోనే రేడియేషన్ లీకై అందరూ క్షణంలో చస్తారు. లిస్టర్ ఒక్కడిని కాలం ఆగిపోయే గదిలో పెట్టి, రేడియేషన్ తగ్గేదాకా కంప్యూటర్ ముప్పై లక్షల ఏళ్లు ఆగుతుంది. అంతకాలం పడుతుందా?
— ఫిజిక్స్ టీచరు, మదనపల్లె

జవాబు: మీకు తెలిసిన సూత్రమే ఇక్కడ అడ్డం వస్తుంది. త్వరగా చంపేది త్వరగా చల్లారుతుంది, చాలాకాలం ఉండేది మెల్లగా వెలువడుతుంది. అయోడిన్-131 అర్ధాయువు (ఉన్నది సగానికి తగ్గే కాలం) 8 రోజులు, ఉధృతం. సీజియం-137కి 30 ఏళ్లు. ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్లు. టెక్నీషియం-99కి 2 లక్షల 11 వేలు, కానీ అది కొద్దికొద్దిగా బలహీనమైన కిరణాలే వదులుతుంది. 30 లక్షల ఏళ్లంటే దానికి 14 అర్ధాయువులు, మిగిలేది సుమారు 19 వేలో వంతు. కాలం సరిపోయింది గానీ అది ఎవరినీ క్షణంలో చంపదు.

రెండూ కలిసిన మిశ్రమం అంటే పేచీ లేదు. మొదటి రకం చంపింది, రెండో రకం తలుపు తెరవనివ్వలేదు. నిజం రియాక్టర్ వ్యర్థాల్లోనూ రెండు రకాలూ కలిసే ఉంటాయి. కథలో మాత్రం ఒకే పదార్థం పేరు చెప్పారు.

ప్రశ్న: 'రెడ్ డ్వార్ఫ్' సిబ్బందిలో చచ్చిపోయిన రిమ్మర్‌ను కాంతితో చేసిన హోలోగ్రామ్‌గా చూపిస్తారు. దేన్నీ ముట్టుకోలేడు. మరి నేల మీద ఎలా నిలబడతాడు?
— శ్రీకాళహస్తి

జవాబు: నిలబడటం కష్టమేం కాదు. బొమ్మను నేలమట్టంలో వేస్తే చాలు, మెట్లెక్కేటప్పుడు మెట్టుకు మెట్టు పైకి జరపాలి. పట్టిచ్చేవి వేరే. కూర్చుంటే పరుపు కుంగకూడదు, నడిస్తే అడుగుల చప్పుడు రాకూడదు, నీడ పడకూడదు. నటుడు నిజం మనిషి కాబట్టి మొదటి సిరీస్‌లలో ఇవన్నీ దొర్లాయి. దమయంతి స్వయంవరంలో అయిదుగురు నలులు కూర్చుంటే ఆవిడ చూసింది కూడా ఇవే: నీడ ఉందా, చెమట పట్టిందా, రెప్ప పడుతోందా, పాదం నేలకు ఆనిందా. రిమ్మర్ దృశ్యాలకు దమయంతిని కూర్చోబెట్టి ఉంటే సగం తిరిగి తీయించేది. 1993లో గట్టి కాంతి అని కొత్త శరీరం ఇచ్చి రచయితలు ఈ బాధ వదిలించుకున్నారు.

ప్రశ్న: లిస్టర్ తనకు తనే తండ్రి అని 1997లో తేల్చారు. భవిష్యత్తులో పుట్టిన బిడ్డను గతంలోకి తీసుకెళ్లి వదిలితే ఆ బిడ్డే పెరిగి లిస్టర్ అవుతాడు. జన్యుపరంగా ఇది పూర్తిగా అబద్ధం కదా?
— బయాలజీ విద్యార్థిని, పలమనేరు

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు, మేం ఒప్పుకోం. లిస్టర్ కణాల్లో 23 జతల క్రోమోజోములు. ప్రతి జతలో ఒకటి తల్లి కొచాన్స్కీది, రెండోది తండ్రిది. ఆ తండ్రి తనే. బిడ్డ మళ్లీ లిస్టరే కావాలంటే వీర్యకణంలోకి ప్రతి జత నుంచీ తండ్రి వైపుది మాత్రమే దిగాలి, తల్లి వైపుది ఒక్కటీ రాకూడదు. 23 సార్లు నాణెం ఎగరేస్తే 23 సార్లూ బొమ్మే పడటం లాంటిది: 83,88,608లో ఒక్కసారి. క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడాన్ని కలిపితే ఇంకా అరుదు. అరుదే గానీ అసంభవం కాదు. అటు కొచాన్స్కీ కూడా ప్రతిసారీ అదే అండం ఇవ్వాలి, కథలో జరిగేది ఒకే చక్రం కాబట్టి అది ఇచ్చినట్టే.

తెగని ముడి ఇంకొకటుంది. లిస్టర్ వై క్రోమోజోమ్ లిస్టర్ నుంచి, అది మళ్లీ లిస్టర్ నుంచి. దానికి పుట్టుక లేదు. ఏ తాత నుంచీ రాలేదు. అయినా చక్రం లోపల ఏ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకోవు, అందుకే మేం దీన్ని పొరపాట్ల ఖాతాలో వేయం.

ప్రశ్న: ఫ్యూచరామా రోబో బెండర్ బీరు తాగి నడుస్తాడు. బీరు ఇంధనమవుతుందా?
— మెకానిక్, పీలేరు

జవాబు: మండించి నడపాలంటే కాదు. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం ఆల్కహాల్ అంటే 26 గ్రాములు, దాన్లో శక్తి సుమారు 690 కిలోజౌళ్లు. మిగతా నీళ్లను ఆవిరి చేయడానికే 1,580 కావాలి. పొయ్యి ఆరిపోతుంది. నీళ్లను వేరుగా బయటికి వదిలి, ఆల్కహాల్‌ను 30 శాతం సామర్థ్యమున్న ఇంధన ఘటంలో (మంట లేకుండా ఇంధనం నుంచి కరెంటు తీసేది) వాడితే సీసాకు 57 వాట్-గంటలు, అంటే 75 వాట్ల సీలింగ్ ఫ్యాను ముప్పావుగంట. బెండర్ లాంటి ఇనుప మనిషికి గంటకు పెట్టెలు లేవాలి. తాగనప్పుడే అతను తూలడం, మొహాన తుప్పు రావడం మాత్రం తెలివైన కల్పన. ఇంధనం తగ్గిన యంత్రం అలాగే ఉంటుంది.

ప్రశ్న: కాలేజీ వార్షికోత్సవానికి నలభై నిమిషాల హాస్యనాటిక రాస్తున్నాం. ఇప్పటి కుర్రాడు టైమ్ మెషీన్‌లో 1985 తిరుపతికి పోతాడు. తప్పులు దొర్లకుండా ఏం చూసుకోవాలి?
— విద్యార్థుల బృందం, తిరుపతి

జవాబు: ముందు యంత్రానికి నియమాలు రాయండి, మూడుకు మించకుండా. ఉదాహరణకు: గతంలో ఒక గంట గడిస్తే ఇక్కడా గంట గడుస్తుంది, చేతిలో పట్టేదే వెంట వస్తుంది, యంత్రం భూమిని పట్టుకునే ఉంటుంది. మూడోది తప్పకుండా పెట్టండి. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు సూర్యుడి చుట్టూ పరుగెడుతోంది. ఒక్క రోజు వెనక్కి పోయినా పాతచోటే తేలితే భూమి 26 లక్షల కిలోమీటర్ల అవతల ఉంటుంది, మీ హీరో శూన్యంలో తేలుతాడు. ప్రేక్షకుల్లో ఒకరన్నా ఇది అడుగుతారు.

తర్వాత రెండు గడుల పట్టిక వేయండి. ఒక గడిలో క్యాలెండర్ తేదీ, రెండో గడిలో హీరో సొంత గడియారం: ఎన్నో గంట, ఏ చొక్కా, జేబులో ఎంత, ఫోన్‌లో ఎంత ఛార్జి. తిరగరాసేటప్పుడు దృశ్యాలు అటూ ఇటూ మారితే పొరపాట్లన్నీ ఈ రెండో గడిలోనే దొర్లుతాయి. ఒకరికి అదే పని అప్పజెప్పండి, నటించేవాళ్లకు వద్దు.

వస్తువుల్లో జాగ్రత్త. బోర్డు మీద 'తిరుపతి జిల్లా' అని రాస్తే తప్పు, అది 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, 1985లో చిత్తూరు జిల్లానే. ఐఐటీ లేదు, 2015లో వచ్చింది. ధరల పట్టీ మీద ఇప్పటి రూపాయి గుర్తు వేయకండి, అది 2010 నాటిది, 'రూ.' అని రాయండి. పిన్ కోడ్ పెట్టొచ్చు, 1972 నుంచి ఉంది. పావలా కాయిన్ చెల్లుతుంది, అది పోయింది 2011లో. మీ హీరో టిఫిన్ తిని ఐదువందల నోటు తీస్తే మాత్రం మంచి దృశ్యం పుడుతుంది. 1985లో ఐదువందల నోటే లేదు, 1987లో వచ్చింది. వెయ్యి నోటు 1978లోనే రద్దైంది. వందకు మించిన నోటు చూడని హోటలాయన దాన్ని వెలుతురుకు పట్టి, వెనక్కి తిప్పి, ఎర్రకోట బొమ్మ మీద వేలు పెట్టి 'ఇదేం లాటరీ టికెట్టు నాయనా?' అనాలి.

ఫోన్ విషయంలో ఎక్కువ మంది తప్పు చేస్తారు, ఫోన్ చచ్చిపోయినట్టు చూపిస్తారు. అక్కర్లేదు. మన కరెంటు అప్పుడూ ఇప్పటిలాంటిదే, రెండు పిన్నుల ఛార్జరు అప్పటి సాకెట్‌లోనూ దూరుతుంది. కెమెరా, టార్చి, క్యాలిక్యులేటర్, దాచుకున్న పాటలు అన్నీ పనిచేస్తాయి. మన దేశంలో సెల్ సేవలు మొదలైంది 1995లో కాబట్టి సిగ్నల్ గడి ఖాళీ. జీపీఎస్ పూర్తిగా పనిలోకి వచ్చిందీ 1995లోనే, మ్యాపు తిరుగుతూనే ఉంటుంది. యూపీఐ 2016 నాటిది. తేదీ మాత్రం ఇప్పటిదే చూపిస్తుంది, ఎందుకంటే దాన్ని సరిదిద్దే టవరు లేదు. హీరో ఆ తేదీ చూసుకుని తన గంటలు లెక్కపెట్టుకోవచ్చు, మీ పట్టికలోని రెండో గడి అతని జేబులోనే ఉన్నట్టు.